బండమీద పాయసం, కొండమీద పందెం

పోయిన వారం మన కథను మంచులో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఈపాటికి దాని కాళ్లు కొంకర్లు పోయి ఉంటాయి. ముందు కాస్త అరికాళ్లు రుద్ది, ఎవరెక్కడున్నారో తలలు లెక్కపెట్టుకుని, ఆ తర్వాత నడిపిద్దాం.

కర్నూలులో వేరుశెనగ నూనె మిల్లు నడిపే ఈరప్పకు భ్రమరాంబ ఒక్కతే కూతురు. ఆ పిల్లను కడపలో ఉండే రిటైర్డు తాసీల్దారు తిమ్మయ్య కొడుకు ఓబులేసుకు ఇచ్చారు. ఓబులేసు పటాలంలో కెప్టెను. కాశ్మీరంలో గుల్‌మార్గ్ అనే కొండమీద కాపురం. అక్కడ జవాన్ల కాళ్లకు నిలువెత్తు చెక్కలు కట్టి మంచుమీద జారడం నేర్పుతాడు. దొరలు ఆ చెక్కలను స్కీలు అంటారు. తక్కిన ఉద్యోగాల్లో జారితే జీతం ఊడుతుంది. జారినందుకు జీతమిచ్చే ఉద్యోగం నాకు తెలిసి ఇదొక్కటే.

భ్రమరాంబకు నాలుగో నెల అని ఉత్తరం రాగానే, ఎండలు ముదిరేలోపల చల్లని చోట పది దినాలు పిల్లలతో గడుపుదామని రెండిళ్ల పెద్దలూ కలిసి రైలెక్కారు. ఈరప్ప వెంట అతని తల్లి సుంకమ్మ వచ్చింది. భార్య మాత్రం బర్రె ఈనే రోజులని ఇంట్లోనే ఆగిపోయింది. తిమ్మయ్య వెంట అతని భార్య గురమ్మ వచ్చింది. ద్రోణాచలం దాటకముందే వియ్యంకుల మధ్య కయ్యం పుట్టింది. బిడ్డ ఇంకా పుట్టలేదు, కయ్యం పుట్టింది. పుట్టబోయే మగపిల్లవాడికి ఎవరి పేరు పెట్టాలన్నదే తగాదా. మగపిల్లవాడే పుడతాడని వాళ్లకెవరు చెప్పారో వాళ్లకే తెలియాలి.

తండ్రి తరపు ముత్తాత పేరు పెట్టడం ఆనవాయితీ గనుక, కాలం చేసిన తన తండ్రి చింతయ్య పేరే పెట్టాలని తిమ్మయ్య. నాకు కొడుకులు లేరు, ఇక్కడ పెట్టకపోతే నా తండ్రి సుంకప్ప పేరు నాతోనే ఆరిపోతుందని ఈరప్ప. పఠాన్‌కోట దాకా రైలూ ఆగలేదు, వీళ్లూ ఆగలేదు. గుల్‌మార్గ్ చేరాక ఈ గోల పడలేక ఓబులేసు, "ఇద్దరూ చెక్కలు కట్టుకుని కొండమీంచి జారండి. ఎవరు ముందు ఇంటికాడికొస్తే వాళ్లదే పేరు" అని నవ్వుతూ అన్నాడు. అల్లుడు నవ్వులాటకన్న మాటను పెద్దలు శాసనంగా తీసుకున్నారు. పెద్దవాళ్ల ముందు పరిహాసాలు ఆడకూడదని పటాలంలో నేర్పరు కాబోలు.

పందెం సరే, మంచేదీ? ఉగాది వెళ్లి వారమైంది. సంవత్సరం హేవిళంబి, పేరులోనే విలంబం పెట్టుకుంది. ఎండకు కొండవాలు అక్కడక్కడా బట్టతలై తిమ్మయ్యకు పోటీ వచ్చింది. "మంచు లేదు గనక పందెం లేదు, పందెం లేదు గనక ఆనవాయితీ నిలిచింది, చింతయ్యే ఖాయం" అని తిమ్మయ్య తీర్పు చెప్పాడు. ఆ మర్నాడే మొదలైంది మంచు. ఆకాశానికి చిల్లు పడ్డట్టు నాలుగు దినాలు కురిసింది. చెక్కల ఇంట్లో ఆరుగురూ చిక్కుకుపోయారు. ఐదోనాడు పొద్దున కురవడం ఆగింది. గుర్రాలు తోలే ముసలి కాశ్మీరీ అహద్ పారతో తలుపుదాకా దారి తవ్వుకుని లోపలికొచ్చాడు. సరిగ్గా అప్పుడే కాఫీలోకి బెల్లం కోసం డబ్బా మూత తీసిన తిమ్మయ్య, అందులోకి తొంగిచూసి, "ఇందులో బెల్లం ఎవురు తీసినారు?" అని అడిగాడు. అక్కడ ఆపాం.

కాళ్లు వెచ్చబడ్డాయి. ఇక నడుద్దాం.

తిమ్మయ్య అడిగింది మామూలు గొంతుతో కాదు. ముప్పై రెండేళ్లు ఊళ్లూ పొలాలూ తిరిగి శిస్తు లెక్కలకు జమాబందీ చేసిన గొంతు. ఇంటిల్లిపాదీ ఒకే గదిలో జమా, బయట మంచు కట్టి తలుపు బందు. ఇంతకన్నా అసలైన జమాబందీ ఆయన సర్వీసులో కూడా చేసి ఉండడు. కోతిటోపీ సర్దుకుని, కంబళి భుజాన వేసుకుని, పొయ్యి పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, డబ్బాను ఒళ్లో పెట్టుకున్నాడు.

"రెండు సేర్ల బెల్లం. కడపనుంచి నేను మోసుకొచ్చింది. నాలుగు దినాలుగా చక్కెర కాఫీ తాగిస్తాంటే ఏమోలే అనుకుంటి. ఇప్పుడు జూస్తే డబ్బా ఖాళీ. ఇది మామూలు యవ్వారం కాదు."

"ఏం బావా, బెల్లం పోతే ఇంత పంచాయితీనా?" అన్నాడు ఈరప్ప, చెక్కలు కొరుకుతూ. ఇవి నూనెలో వేగిన చెక్కలు. ఈ ఇంట్లో చెక్కలు రెండు రకాలు: ఇవి పళ్లకు పరీక్ష, గోడకు ఆనించినవి ఎముకలకు పరీక్ష.

"మీకేమప్పా, కర్నూలోళ్లకు పోగొట్టుకునేది అలవాటైపాయ. మూడేండ్లు రాజధాని పెట్టుకుని ఐద్రాబాదుకు జారిడిస్తిరి. మాకు అట్లాంటి అలవాటు లేదు."

"జారిపోవాలంటే ముందర వచ్చిండల్ల గదా బావా. మీ కడపకు వచ్చిందేముండాది, జారేదానికి?"

కెప్టెన్ ఓబులేసు కిటికీ అద్దం తుడవడంలో మునిగిపోయాడు. తండ్రికీ మామకూ మధ్య నిలబడటం కన్నా మంచుపెళ్ల కింద నిలబడటం క్షేమమని అతనికి ఈ పది దినాల్లో తెలిసింది.

తిమ్మయ్య విచారణకు సిద్ధమయ్యాడు. ఒక్కొక్కర్నీ పిలిచి, అడ్డదిడ్డంగా ప్రశ్నలేసి, చివరకు దొంగను తానే పట్టుకోవాలని ఆయన ఉబలాటం. ఆ సరదా కాస్తా సుంకమ్మ చెడగొట్టింది.

"నేనే తీసినా," అన్నది ఆమె. అహద్ ఇచ్చిన నిప్పుల కుండను కంబళిలో ఒడిలో పెట్టుకుని, చేటలో బియ్యం ఏరుకుంటూ తలెత్తకుండానే అన్నది.

తిమ్మయ్యకు ఆశాభంగమైంది. "నువ్వా అత్తా? ఏమిటికి?"

"పాశం వండినా."

"ఎప్పుడు?"

"మంచు పడకముందు దినం. నువ్వు తలకు ఆముదం పెట్టుకుని ఎండలో కునుకుతాంటివే, ఆ పొద్దు."

"పాశం వండి మాకింత పెట్టకపోతివే?"

"తట్టలో పెట్టేది కాదప్పా అది. బండమీద పోసేది."

పొయ్యిలో దుంగ చిటపటమన్నది. ఈరప్ప నోట్లో చెక్క సగంలో ఆగింది. తిమ్మయ్య పీటమీంచి లేచి, కిటికీలోంచి బయట గోడవార మెడలోతు పేరుకున్న మంచును ఒకసారి చూసి, సుంకమ్మను ఒకసారి చూసి, మళ్లీ కూర్చున్నాడు.

వాన కరువు తెలియని జిల్లాలవారికి ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. మా సీమలో వాన మొహం చాటేస్తే ఊరంతా దగ్గర్లోని గుట్ట ఎక్కుతారు. బియ్యమూ బెల్లమూ వేసి పాయసం వండి, వట్టి బండమీద కుమ్మరించి, చేతులు వెనక్కి కట్టుకుని, మోకాళ్లమీద వంగి నాలుకలతో నాకుతారు. దాన్నే వరదపాశం అంటారు. ఆకు కూడా లేకుండా రాతిమీద నాకుతున్నారే నా పిల్లలు అని పైవాడు సిగ్గుపడి వాన పంపుతాడని నమ్మకం. పంపిన ఏడాదీ ఉంది, పంపని ఏడాదీ ఉంది. వానను పిలవడానికి మాకిలాంటి దారులు డజను తెలుసు. కప్పను రోకలికి కట్టి ఇల్లిల్లూ ఊరేగిస్తాం, ఆ రోకలిమీద బిందెలతో నీళ్లు పోస్తాం. పిలిచిన వానను ఇక చాలు పొమ్మనడం ఎలాగో మాత్రం మా తాతముత్తాతల్లో ఒక్కడికీ తెలియదు. ఆ అవసరం పడితే కదా తెలియడానికి.

"అనుకుంటి," అన్నాడు తిమ్మయ్య నెమ్మదిగా. "నేను చెప్తానే ఉండా, ఇది సహజమైన మంచు కాదని. కర్నూలోళ్లు చేసిన మంచు. బావా, ఇది నీ కుట్ర."

"నా కుట్రనా?" అన్నాడు ఈరప్ప, అంత బాధగా అతన్నెవరూ ఎప్పుడూ చూడలేదు. "నాకు తెలిసింటే ఆ బెల్లం నేనే మింగేసుందును బావా. ఎండ కాస్తాంటే ఎంత సుఖంగా ఉంటి. మంచు లేదు, పందెం లేదు, కాళ్లు చేతులు యాడియాడ ఉండాల్నో ఆడాడ ఉండాయి అని దినాం దండం పెట్టుకుంటాంటి."

అని, తల్లి మొహం చూసి, తక్కిన చెక్కను చప్పుడు కాకుండా నోట్లో పెట్టుకున్నాడు.

"సరే. నువ్వు కాదు." తిమ్మయ్య వేలెత్తాడు. "అయితే ఇంగో మాట. వరదపాశం ఒక్క మనిషి నాకితే పారదు. ఊరు నాకల్ల. ఊరు లేకపోతే నలుగురన్నా నాకల్ల. అత్తా, నీతోపాటి నాకినోళ్లు ఎవురు?"

సుంకమ్మ బియ్యంలో రాయి వెతికింది. దొరకలేదు. ఉన్నా ఏరేట్టు లేదు.

"నేను, మామా," అన్నది భ్రమరాంబ. "అవ్వ రమ్మన్నాది. నావి రెండు నాలుకలని లెక్క రాసుకోండి." కడుపుమీద చెయ్యి వేసుకుని ఇంత అమాయకంగా అన్నది కనుక తిమ్మయ్య కోప్పడలేకపోయాడు. కోపమంతా దాచుకుని కొడుకువైపు తిరిగాడు. ఓబులేసు కిటికీ అద్దాన్ని అరిగేటట్టు తుడుస్తున్నాడు.

"నువ్వునా?"

"నేను కూడా నాయనా."

"యూనిఫారంలోనా?"

"టోపీ తీసి నాకినా."

అహద్‌కు మాటలు తెలియకపోయినా వేలు తనవైపు తిరుగుతోందని తెలిసింది. బండవైపు చెయ్యి చూపి, నాలుక బయటపెట్టి, గుండెమీద చెయ్యి వేసుకుని ఏదో అన్నాడు. ఈరప్పకు కర్నూలు ఉర్దూ వచ్చు. ఆ ఉర్దూ వింటే అహద్ నవ్వు ఆపుకోవడానికి దగ్గుతాడు. అహద్ ఉర్దూ వింటే ఈరప్ప చెవి గోక్కుంటాడు. అయినా ఎలాగో సాగిపోతోంది.

"దర్గాలో పంచే తబర్రుక్ మాదిరి ఇది కూడా దేవుని ప్రసాదం అనుకున్నాడంట బావా. శానా బాగుండిందంట. మళ్లెప్పుడు పోస్తారని అడుగుతాండాడు."

"నాలుగు నాలుకలు," అన్నాడు తిమ్మయ్య. "కర్నూలు ముసలమ్మ, మా ఇంటికోడలు, నా కన్నకొడుకు, ఊరూపేరూ తెలియని గుర్రాలాయన. ఇంగెవురన్నా ఉండారా?"

ఇంక మిగిలింది ఒక్కరే. ఆ ఒక్కరినీ అడగాలన్న ఆలోచనే ఆయనకు రాలేదు. వచ్చేదీ కాదు. అందుకే మూలనుంచి, "నేను" అని వినబడగానే ఎవరో బయటివాళ్లొచ్చారేమోనని తలుపువైపు చూశాడు.

"ఈడ," అన్నది గురమ్మ. "తలుపుకాడ కాదు. నేనే నాకినా. అందరికన్నా ముందు నేనే వంగినా."

తిమ్మయ్య చేతిలో డబ్బా మూత జారి నేలమీద గిరగిరా తిరిగి, ఆలోచించి ఆలోచించి పడింది. "గురమ్మా, మంచు పడితే పందెం జరుగుతుందని, పందెం జరిగితే మా నాయన పేరు పోయినా పోతుందని నీకు తెల్సునా?"

"తెలిసే నాకినా."

గురమ్మ లేచి ముందుకొచ్చింది. నలుగురిలో భర్త ఎదురుగా నిలబడి మాట్లాడటం ఆమెకు కొత్త. అందుకే ఆయన మొహం వైపు కాక కోతిటోపీ వైపు చూస్తూ మాట్లాడింది.

"నేనీ ఇంటికొచ్చి ముప్పై ఏండ్లు. మీ నాయన పేరు కోడలి నోట్లో పలకకూడదని అత్త జెప్పింది, సరే అన్నా. పులుసులో వేసేదాన్ని కూడా ఈ ముప్పై ఏండ్లలో పేరుపెట్టి అన్యానా? పుల్లంది అంటా. అంగట్లో పుల్లంది ఇయ్యప్పా అంటే నిమ్మకాయలిస్తాడు. కొమ్మకు కాసేది, ఎర్రంది, గింజలుండేది అంటే ఏమేమో తీసి చూపిస్తాడు. సగం దినాలు మన ఇంట్లో పులుసు లేకపోయేది అందుకే. నువ్వేమో నాకు పులుసు చేసేది రాదని మీ అక్కకు జాబు రాస్తివి."

ఓబులేసు అద్దం తుడవడం ఆపాడు. చిన్నప్పట్నుంచీ తిన్న పప్పన్నమంతా అతనికి ఒక్కసారిగా అర్థమైనట్టుంది.

"అదంతా పోనీ. రేపు ఇంటికి తొలి మనమడు పుడతాడు. వాన్ని ఎత్తుకోని నేనేమని పిలుచుకోవల్ల? అందరూ పేరుపెట్టి పిలుస్తాంటే నేనొక్కదాన్ని, ఓ పుల్లనోడా, ఇట్ల రారా అని పిలవల్లనా?"

ఈరప్పకు నవ్వొచ్చింది. కానీ గురమ్మ కళ్లు చూసి ఆ నవ్వును దగ్గుగా మార్చాడు.

"ఈ మాట నాకెప్పుడూ చెప్పకపోతివే," అన్నాడు తిమ్మయ్య. గొంతులో తాసీల్దారు తగ్గాడు.

"అర్జీ పెట్టుకున్నోళ్ల మాటే గదా నువ్వినేది. నాకు రాసేది రాదు."

సుంకమ్మ చేట పక్కన పెట్టింది.

"నా కత వేరే గురమ్మా. నాకు పిలవాలని లేదు. పిలవను గూడా పిలవను." ఆమె తన పేరు చెప్పినప్పుడల్లా భర్త పేరు ముప్పాతిక చెప్పినట్టే; ఆమె సుంకమ్మ, ఆయన సుంకప్ప. ఒక్క అక్షరం దగ్గర అరవై ఏళ్లు ఆగిపోయిన మనిషి. "నందన కరువులో ఆయప్ప పోయినాడు. మిల్లులో అందరూ పెద్దాయన అంటారు. ఆ పేరు ఇంట్లో ఇనపడి ఐదేండ్లాయ. ఎవురన్నా ఒకరు పిలుస్తాంటే, నేను వంటింట్లో ఉండి ఇనల్లని. అంతే. అందుకే బెల్లం తీసినా. నీకింత బెల్లం మళ్ల తెప్పిస్తా లేప్పా."

ఈరప్ప తలదించుకున్నాడు. పందెం లేకపోతే బాగుండునని దండాలు పెట్టుకున్నది తానేనని ఇప్పుడు గుర్తుకొచ్చింది.

ఈ ఘట్టంలో తిమ్మయ్య, "సరే, మీ ఇష్టం" అని ఒక్క మాట అని ఉంటే కథ ఇక్కడే ముగిసిపోయేది, నేనూ వచ్చే వారం సుఖంగా పడుకునేవాణ్ణి. కానీ ఆయన తన సంతకం లేకుండా ఏ కాగితమూ కదలనిచ్చిన మనిషి కాదు. పెళ్లామూ కొడుకూ కోడలూ కలిసి తన వెనకాల బండ నాకారన్నది ఆయనకు లోపల ఎక్కడో తగిలింది. అది పైకి చెప్పుకోవడం చేతగాక, లేచి నిలబడ్డాడు.

"పందెం పందెమే. ఇప్పుడే. నేను గెలిస్తే మా నాయన పేరు. ఈరప్ప గెలిస్తే వాళ్ల నాయన పేరు. మీరంతా కలిసి మంచు తెప్పించినారు గదా, ఈ తిమ్మయ్య ఆ మంచులోనే గెలుస్తాడు."

"ఆడపిల్ల పుడితే, మామా?" అన్నది భ్రమరాంబ.

"అది ఈ ఫైలులో లేదమ్మా."

అంతసేపూ బూడిదలా ఉన్న ఆకాశం అప్పుడే పగిలి, కిటికీలోంచి ఎండ నిలువుగా లోపలికొచ్చింది. వసంతకాలంలో ఆ కొండలమీద ఎండకు మాట నిలకడ లేదు. ఓబులేసు ఆ మాటే అన్నాడు. "నాయనా, ఈ ఎండను నమ్మొద్దు. గంటలో మబ్బు దిగుతుంది. చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. రేపు జూసుకుందాం." అహద్ ఇంకా గట్టిగా తల ఊపాడు. మంచు కొత్తది, ఇంకా గట్టిపడలేదట. పైగా వాలుకు ఎడమపక్క ఎర్రజెండా పాతిన చోట కింద వాగు ఉంది. ఆ వాగుగట్టు తొర్రలో ప్రతి చలికాలం ఒక ఎలుగుబంటి పడుకుంటుంది. ఎండలు ముదిరితే లేచేదే. ఈ నాలుగు దినాల మంచుకు ఇంకా పడుకునే ఉంటుంది. జెండా దాటొద్దు, అక్కడ అరవొద్దు అని అహద్ మూడుసార్లు చెప్పాడు, ఈరప్ప మూడుసార్లు తెలుగు చేశాడు.

"నువ్వు భయపడితే ఇప్పుడే చెప్పు బావా," అన్నాడు తిమ్మయ్య.

ఈరప్ప భయపడ్డాడు. కానీ చెప్పలేదు. తల్లి వైపు చూసి, "నక్కో," అన్నాడు అహద్‌తో, వద్దు అడ్డుపడొద్దని. ఆ మాట అహద్ జన్మలో విని ఉండడు. సరేనన్నాడనుకుని చెక్కలు భుజానికెత్తుకున్నాడు.

చెక్కలు మారిపోకుండా అహద్ గుర్తులు కట్టాడు. ఈరప్ప జతకు ఎర్రదారం, తిమ్మయ్య జతకు నీలందారం. ఇద్దర్నీ గుర్రాలమీద ఎక్కించి, ఓబులేసూ అహదూ చెరో కళ్లెం పట్టుకుని, కొండవాలు పైన ఉన్న ఒంటి దేవదారు చెట్టు దగ్గరకు తీసుకుపోయారు. ఓబులేసు ఈల ఒకసారి ఊదితే బయల్దేరాలి. రెండుసార్లు ఊదితే పందెం రద్దు. ఇంటి ముందర కట్టిన తాడును ఎవరు ముందు దాటితే వారిది గెలుపు. నిలబడి దాటినా సరే, దొర్లి దాటినా సరే. ఈ సవరణ ఇద్దరూ ఏకగ్రీవంగా ఆమోదించారు. వాళ్లు ఏకీభవించిన విషయం ఇదొక్కటే.

ఆడవాళ్లు ముగ్గురూ తాడు దగ్గర నిలబడ్డారు. వాలు మొదట్లో రెండు చీమలు, ఒకటి లావు, ఒకటి సన్నం. లావుచీమ ఈరప్ప. నిన్నటిదాకా తాసీల్దారు, ఇవాళ తాసీల్‌జారు అయిన సన్నచీమ తిమ్మయ్య. వాలు చూడగానే ఇద్దరి వాలకమూ మారిందని ఇంత దూరానికీ తెలుస్తోంది. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడ్డారు. పోట్లాడటానికో, పడిపోకుండానో తెలియలేదు.

"అత్తా, చేతులు పట్టుకున్నారు," అన్నది భ్రమరాంబ.

"పట్టుకోనీ. ముప్పై ఏండ్లలో నా చెయ్యి పట్టుకుని నడిచింది లేదు ఆయప్ప," అన్నది గురమ్మ.

అప్పుడు మబ్బు దిగింది. దిగడం కాదు, ఎవరో దుప్పటి విదిలించి కప్పినట్టు పైనుంచి పడింది. చెట్టు పోయింది, చీమలు పోయాయి, ఎర్రజెండా పోయింది. తెల్లటి తెలుపు తప్ప ఇంకేమీ లేదు. ఆ తెలుపులోంచి ఈల వినబడింది. ఒకసారి.

భ్రమరాంబ అవ్వ చెయ్యి పట్టుకుంది. వెంటనే మళ్లీ ఈల. రెండుసార్లు, తడబడుతూ. ఆగండని. ఆ తర్వాత ఓబులేసు అరుపు. ఆ తర్వాత ఏమీ లేదు.

కాసేపటికి సరసరమని ఏదో జారుతున్న చప్పుడు. దగ్గరైంది. మబ్బులోంచి ఒక జత స్కీలు బయటపడి, తాడు కిందనుంచి మర్యాదగా దూరి, సుంకమ్మ కాళ్ల దగ్గర ఆగాయి. వాటిమీద మనుషులు లేరు.

భ్రమరాంబ వంగి చూసింది. ఒక చెక్కకు ఎర్రదారం. ఇంకో చెక్కకు నీలందారం.

"ఏమయ్యా," అని పిలిచింది గురమ్మ. "ఏమయ్యోవ్. ఓబులేసు నాయనా."

మబ్బు పలకలేదు.

"అత్తా, అట్ల పిలిస్తే ఎవురిని పిలుస్తాండావో వాళ్లకేం తెలుస్తుంది? ఏమయ్యా అంటే గుర్రాలాయన కూడా పలుకుతాడు. పేరుపెట్టి పిలువు."

గురమ్మ కోడల్ని చూసింది. సుంకమ్మను చూసింది. సుంకమ్మ కంబళి కొంగు బిగించుకుని అవతలికి చూస్తున్నది. గురమ్మ కళ్లు మూసుకుంది.

"తిమ్మయ్యా."

మొదటిసారి గాలికే వినబడలేదు. రెండోసారి భ్రమరాంబకు వినబడింది. మూడోసారి కొండకు వినబడింది.

"తిమ్మయ్యా."

కుడిపక్క మబ్బులో ఏదో కదిలింది. చాలాసేపటికి ఒక గొంతు, మంచు ఉమ్మేసుకుంటూ: "ఎవురే అది?"

"నేను. గురమ్మను."

"నా పేరు నీకు తెలుసునా?"

"ముప్పై ఏండ్లుగా తెలుసు," అన్నది గురమ్మ. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియదు. "యాడుండావు?"

"యాడనో నాకేం తెలుసు. అంతా తెల్లగా ఉండాది. కాళ్లు పైకుండాయి. అది మళ్ల మాట్లాడుదాం గురమ్మా, ముందు చెప్పు. ఈరప్ప ఆడికొచ్చినాడా? నా చెయ్యి పట్టుకోనుండె. ఇడిసిపెట్టి ఎడమపక్క పోయినాడు."

ఎడమపక్క ఎర్రజెండా. జెండా అవతల వాగు.

"నాయనా," అని అరిచింది భ్రమరాంబ. జవాబు లేదు. "ఈరప్పా," అని పిలిచింది సుంకమ్మ, ఒకసారి, రెండుసార్లు. జవాబు లేదు.

"వాడు చిన్నప్పట్నించీ నా మాటకు పలికినోడు కాదు," అన్నది సుంకమ్మ, ఎవరితోనో కాదు. "యాడన్నా పోయి ఆడుకుంటాంటే ఎంత పిలిచినా రాడు. వాళ్ల నాయన పేరు చెప్పి పిలిస్తేనే ఉరికొచ్చేది. ఆ పిలిచేది నేను కాదు, పక్కింటోళ్లతో పిలిపిస్తాంటి."

ఇక్కడ పక్కిల్లు లేదు. భ్రమరాంబ నోరు తెరిచింది, పిలుద్దామని. ముసలామె చెయ్యి అడ్డం పెట్టింది. కంబళి జారవిడిచి, తాడు దాటి నాలుగడుగులు మంచులోకి పోయి, రెండు అరచేతులూ నోటికి చుట్టూ పెట్టుకుంది.

"సుంకప్ప కొడకా."

ఒక్క అక్షరం దగ్గర అరవై ఏళ్లు ఆగిన పేరు, ఆ అక్షరం దాటి మబ్బులోకి పోయింది. అవతలి కొండకు తగిలి తిరిగొచ్చింది. ఐదేళ్ల తర్వాత ఆ పేరు ఒకరు పిలుస్తుంటే సుంకమ్మ విన్నది. పిలిచిందీ తనే, విన్నదీ తనే.

ఎడమపక్కనుంచి, జెండాకు అవతలనుంచి, చాలా కిందనుంచి జవాబొచ్చింది. పదేళ్ల పిల్లవాడు పలికినంత వినయంగా ఉంది. గొంతు అణిచిపెట్టి పలికినట్టు ఉంది.

"వస్తాండానమ్మా. అంత గట్టిగా పిలవొద్దు. ఈడ నా పక్కన ఇంకొకరు పడుకోనుండారు."